హాసె పేరు లేని జాబితా

జర్మనీ చరిత్ర మీద వచ్చిన పరిచయ గ్రంథాల్లోనూ, విజ్ఞాన సర్వస్వాల్లోనూ ప్రభుత్వాధినేతల జాబితా ఒకటి తరచుగా కనిపిస్తుంది. 1871లో బిస్మార్క్‌తో మొదలై వరసగా నడుస్తుంది. ఎనిమిదో ఛాన్సలర్ మాక్స్ ఫాన్ బాడెన్. తొమ్మిదో ఛాన్సలర్ ఫ్రీడ్రిష్ ఎబర్ట్. 1918 నవంబరు 9న మాక్స్ తన పదవిని ఎబర్ట్‌కు అప్పగించాడు, ఆనాటి నుంచి 1919 ఫిబ్రవరి 13న షైడెమాన్ మంత్రివర్గం ఏర్పడేదాకా దేశాన్ని నడిపింది ఎబర్టే అని చెబుతారు. చక్రవర్తి పోయినా, రిపబ్లిక్ వచ్చినా, ప్రభుత్వాధినేత పదవి మాత్రం ఎక్కడా తెగకుండా ఒకరి తర్వాత ఒకరికి సంక్రమించిందన్నమాట. ఇప్పుడు చలామణిలో ఉన్న అభిప్రాయం ఇదే.

ఈ అభిప్రాయం తప్పు. రాజ్యాంగం ప్రకారం చూసినా తప్పే, జరిగిన సంగతుల ప్రకారం చూసినా తప్పే. పైగా ఇది ఒక మనిషికి జరిగిన అన్యాయం. ఆ మనిషి హూగో హాసె. 1918 నవంబరు 10 నుంచి డిసెంబరు 29 వరకు, ఏడు వారాల పాటు, ఎబర్ట్‌తో సమాన హోదాలో జర్మన్ ప్రభుత్వానికి అధ్యక్షత వహించినవాడు. జాబితాలు ఆయనకు ఇచ్చేది మహా అయితే ఒక పాదసూచిక. చాలాచోట్ల అదీ లేదు.

ముందు రాజ్యాంగం సంగతి చూద్దాం. 1871 నాటి రాజ్యాంగంలో 15వ అధికరణ స్పష్టంగా ఉంది. ఛాన్సలర్‌ను నియమించేది కైజర్. 1918 అక్టోబరు 28న ఆ అధికరణకు ఒక సవరణ చేశారు. దాని ప్రకారం ఛాన్సలర్‌కు పార్లమెంటు అయిన రైష్‌టాగ్ విశ్వాసం కూడా ఉండాలి. ఉన్న షరతుకు ఇంకొకటి తోడైంది తప్ప, నియమించే అధికారం కైజర్ చేతిలోంచి ఎక్కడికీ పోలేదు. దిగిపోయే ఛాన్సలర్ తన వారసుణ్ణి తానే ఎంచుకోవచ్చని సవరణకు ముందూ లేదు, తర్వాతా లేదు.

నవంబరు 9న మధ్యాహ్నం వేళ మాక్స్ ఏం చేశాడు? బెల్జియంలోని స్పా పట్టణంలో సైనిక ప్రధాన కేంద్రంలో ఉన్న కైజర్ ఇంకా ఒప్పుకోకుండానే, ఆయన సింహాసనం వదులుకున్నట్లు బెర్లిన్‌లో ప్రకటించేశాడు. తర్వాత కొద్దిసేపటికే తనను కలవడానికి వచ్చిన ఎబర్ట్‌కు ఛాన్సలర్ పనులు అప్పగించాడు. విభాగాలను నడిపే స్టేట్ సెక్రటరీలందరూ ఒప్పుకున్నారని ఎబర్ట్ తన ప్రకటనలో రాసుకున్నాడు. స్టేట్ సెక్రటరీలు ఛాన్సలర్ కింద పనిచేసే అధికారులు. ఛాన్సలర్‌ను ఎంచుకునే హక్కు వాళ్ళకు ఎవరిచ్చారు? రైష్‌టాగ్ ఆ రోజు సమావేశం కాలేదు. కైజర్ కాలం నాటి ఆ రైష్‌టాగ్ ఆ తర్వాత ఎప్పుడూ సమావేశం కాలేదు. కైజర్ లిఖితపూర్వకంగా సింహాసనం వదులుకున్నది నవంబరు 28న, హాలండ్‌లోని అమెరోంగెన్ నుంచి. రాజ్యాంగ పరంపర తెగలేదనే వాదన నిలవాలంటే, నవంబరు 28 దాకా నియామక అధికారం హాలండ్‌లో తలదాచుకున్న ఆ మనిషి దగ్గరే ఉందని ఒప్పుకోవాలి. ఆయన ఎబర్ట్‌ను నియమించలేదు. కాబట్టి వాళ్ళ వాదన ప్రకారమే ఎబర్ట్ ఛాన్సలర్ కాడు.

ఆ మధ్యాహ్నం అక్కడున్నవాళ్ళు కూడా అంతా సవ్యంగా జరిగిపోయిందని అనుకోలేదు. రాజప్రతినిధిగా ఉండమని ఎబర్ట్ తనను కోరినట్లు, తాను నిరాకరించినట్లు మాక్స్ తన జ్ఞాపకాల్లో రాశాడు. రెండు గంటల వేళ ఎబర్ట్ పార్టీకే చెందిన షైడెమాన్ రైష్‌టాగ్ భవనం నుంచి రిపబ్లిక్ ప్రకటించినప్పుడు ఎబర్ట్ మండిపడ్డాడు. రాచరికమా రిపబ్లిక్కా అన్నది రాజ్యాంగ సభ తేల్చాల్సిన విషయమని ఆయన పట్టు. ఆ కాసేపటికి విప్లవవాది కార్ల్ లీబ్‌క్నెక్ట్ రాజభవనం దగ్గర ఇంకో రిపబ్లిక్ ప్రకటించాడు. ఇన్ని ప్రకటనల మధ్య ఒక పదవి నిక్షేపంగా చేతులు మారిందని చెప్పడం ఆ రోజు ఏం జరిగిందో చూడకపోవడమే.

నిజానికి ఎబర్ట్ ఆ హోదాను ఇరవై నాలుగు గంటలైనా నిలుపుకోలేకపోయాడు. ఆ రోజే ఆయన స్వతంత్ర సోషల్ డెమోక్రటిక్ పార్టీని ప్రభుత్వంలోకి ఆహ్వానించాడు. ఎబర్ట్ నాయకత్వంలోని సోషల్ డెమోక్రటిక్ పార్టీ నుంచి విడిపోయి, యుద్ధాన్ని వ్యతిరేకించినవాళ్ళు 1917 ఏప్రిల్‌లో గోథాలో పెట్టుకున్న పార్టీ అది. దాని నాయకుడు హాసె అప్పుడు కీల్‌లో ఉన్నాడు. ఆ రాత్రికి బెర్లిన్ చేరాడు. మర్నాడు ఆ పార్టీ తన షరతులు చెప్పింది. రాజకీయాధికారం కార్మిక, సైనిక కౌన్సిళ్ళ చేతిలో ఉండాలి. మంత్రివర్గంలో సోషల్ డెమోక్రాట్లు మాత్రమే ఉండాలి. పాత ప్రభుత్వపు విభాగాధిపతులు సాంకేతిక సహాయకులుగా మాత్రమే మిగలాలి. సభ్యులందరూ సమానులు కావాలి. ఎబర్ట్ పార్టీ వీటికి ఒప్పుకుంది. రాజ్యాంగబద్ధంగా పదవి సంక్రమించిన ఛాన్సలరే అయితే, నిన్న చేతికొచ్చిన అధికారాన్ని ఇవాళ ఇంకొకరితో సగం సగం పంచుకోవడానికి ఎందుకు ఒప్పుకుంటాడు? తనకు మాక్స్ ఇచ్చిన కాగితం వీధిలో చెల్లదని ఆయనకు తెలుసు. బెర్లిన్‌లో సైనికులు కౌన్సిళ్ళ మాట వింటున్నారని తెలుసు.

నవంబరు 10 సాయంత్రం బుష్ సర్కస్ భవనంలో బెర్లిన్ కార్మిక, సైనిక కౌన్సిళ్ళ ప్రతినిధులు దాదాపు 3,000 మంది సమావేశమయ్యారు. ప్రజా ప్రతినిధుల మండలిని ఆమోదించింది ఆ సభే. అందులో ఆరుగురు: ఎబర్ట్, షైడెమాన్, లాండ్స్‌బెర్గ్ ఒక పార్టీ నుంచి, హాసె, డిట్‌మాన్, బార్త్ ఇంకో పార్టీ నుంచి. ఎబర్ట్, హాసె ఇద్దరూ సమాన హక్కులు గల అధ్యక్షులు. ఆ రోజు దేశంలో అధికారానికి ఆధారమంటూ ఏదైనా ఉంటే అది ఆ సర్కస్ భవనంలోని ప్రతినిధుల చేతుల్లోనే ఉంది. ఎబర్ట్ అధికారం అక్కణ్ణుంచే వచ్చింది. హాసె అధికారమూ అక్కణ్ణుంచే వచ్చింది. ఒకే ఆధారం మీద నిలిచిన ఇద్దరిలో ఒకరిని జాబితాలో ఉంచి ఇంకొకరిని తీసేయడానికి ఏ న్యాయం ఉంది?

రెండు రోజుల తర్వాత, నవంబరు 12న మండలి చేసిన ప్రకటన చదివితే అది ప్రభుత్వమా కాదా అన్న సందేహం ఎవరికీ మిగలదు. అత్యవసర స్థితి రద్దయింది. పత్రికలపై ముందస్తు తనిఖీ పోయింది. రాజకీయ ఖైదీలకు క్షమాభిక్ష దొరికింది. ఎనిమిది గంటల పనిదినం 1919 జనవరి 1 లోగా అమల్లోకి వస్తుందని చెప్పారు. ఇరవై ఏళ్ళు నిండిన స్త్రీ పురుషులందరికీ సమానమైన రహస్య ఓటు ఇచ్చారు. జర్మన్ స్త్రీలకు ఓటు వచ్చింది ఆ ప్రకటనతోనే. దాని కింద ఆరుగురి పేర్లూ ఉన్నాయి, ఎబర్ట్ పక్కనే హాసె. స్త్రీల ఓటు హక్కు గురించి రాసేటప్పుడు ఎబర్ట్ ప్రభుత్వం ఇచ్చిందని రాసే అలవాటు ఒకటి ఉంది. అది సగం నిజం. ఆ వారాల్లో వెలువడిన ఉత్తర్వులు అనేకం ఎబర్ట్, హాసె అన్న జంట పేర్లతో వచ్చాయి.

మండలిలో విదేశాంగం హాసె చూశాడు, హోం, సైన్యం ఎబర్ట్ చూశాడు. ఆ నవంబరులో మాస్కోతో టెలిప్రింటర్ మీద మాట్లాడింది హాసె. సోవియట్ ప్రభుత్వం పంపుతానన్న ధాన్యం తీసుకోవాలా, అమెరికా ఆహారం కోసం ఎదురుచూడాలా అన్న నిర్ణయం ఆకలితో ఉన్న దేశానికి చిన్నది కాదు. మండలి సోవియట్ ధాన్యాన్ని మర్యాదగా నిరాకరించింది. ఆ నిర్ణయం సరైనదా కాదా అని వాదించుకోవచ్చు. కానీ అలాంటి నిర్ణయాలు తీసుకునేవాళ్ళనే కదా ప్రభుత్వం అంటాం!

ఇక ఎదుటివాళ్ళ వాదనల్లో బలమైనదాన్ని తీసుకుందాం. కాగితం మీద ఇద్దరైనా అసలు పెత్తనం ఎబర్ట్‌దేనంటారు. నవంబరు 10 రాత్రి సైన్యాధికారి గ్రోనర్ ఫోన్ చేసింది ఎబర్ట్‌కు. పాత కార్యాలయాల అధికారులు కాగితాలు పట్టుకెళ్ళింది ఎబర్ట్ దగ్గరికి. ఆయనను ఛాన్సలర్ అని పిలవడం చాలామంది మానలేదు కూడా. ఇవన్నీ నిజాలే, నేను కాదనను. ఎబర్ట్ చేతిలో ఎక్కువ అధికారం పోగుపడింది.

అయితే, ఎవరి మాట ఎక్కువ చెల్లింది అన్నదే కొలబద్ద అయితే, ఈ జాబితా రాసేవాళ్ళు దాన్ని మిగతావాళ్ళకూ వర్తింపజేయాలి కదా? 1916 నుంచి 1918 శరత్కాలం దాకా జర్మనీలో ఎవరి మాట చెల్లింది? హిండెన్‌బర్గ్, లుడెన్‌డార్ఫ్‌ల మాట. 1917 జులైలో బేత్‌మాన్ హోల్‌వెగ్ పదవి పోవడానికి వాళ్ళు రాజీనామా చేస్తామని బెదిరించడం ఒక పెద్ద కారణం. అతని తర్వాత వచ్చిన మిహాయెలిస్‌కు సైన్యాధిపతుల ముందు గొంతే లేదు. అయినా ఆరో ఛాన్సలర్ మిహాయెలిస్ అని రాస్తారు, లుడెన్‌డార్ఫ్ అని రాయరు. అక్కడ పదవిని లెక్కలోకి తీసుకుంటారు. హాసె దగ్గరికొచ్చేసరికి పదవిని పక్కనపెట్టి పలుకుబడిని కొలుస్తారు. ఒకే జాబితాలో రెండు కొలతలు ఎలా వాడతారు? గ్రోనర్‌తో జరిగిన ఆ ఫోన్ సంభాషణ హాసెకు చెప్పకుండా జరిగింది. తోటి అధ్యక్షుడికి తెలియనివ్వకుండా జరిగిన ఏర్పాటునే చూపించి ఆ తోటి అధ్యక్షుడు లెక్కలోకి రాడనడం న్యాయం అనిపించుకోదు.

కొందరు రోజుల లెక్క చెబుతారు. ఏడు వారాలే కదా అంటారు. మాక్స్ ఫాన్ బాడెన్ అక్టోబరు 3న వచ్చి నవంబరు 9న దిగాడు. ముప్ఫై ఏడు రోజులు. హాసె ఉన్నది నలభై తొమ్మిది రోజులు. దీనికి ఇంకేం చెప్పాలి?

పదవి ఎవరిదో తేల్చడానికి 1920 మార్చి ఒక గట్టి పరీక్ష. ఆ నెల 13న జనరల్ లుట్‌విట్జ్ దళాల అండతో వోల్ఫ్‌గాంగ్ కాప్ బెర్లిన్‌లో ఛాన్సలర్ కార్యాలయాన్ని ఆక్రమించి తానే ఛాన్సలర్‌నని ప్రకటించుకున్నాడు. గుస్తావ్ బౌవర్ మంత్రివర్గం డ్రెస్డెన్‌కు, అక్కణ్ణుంచి స్టుట్‌గార్ట్‌కు వెళ్ళిపోయింది. రాజధాని, భవనం, తుపాకులు అన్నీ కాప్ దగ్గరే. కానీ కార్మికులు సార్వత్రిక సమ్మె కట్టారు, రైళ్ళు ఆగాయి, అధికారులు ఉత్తర్వులు అమలు చేయలేదు, రైష్‌బాంక్ డబ్బు ఇవ్వలేదు. 17న కాప్ రాజీనామా చేసి స్వీడన్ పారిపోయాడు. అతన్ని ఎవరూ ఛాన్సలర్ల జాబితాలో పెట్టరు, పెట్టకపోవడమే సరైనది. ప్రభుత్వాధినేత కావాలంటే రెండు ఉండాలి: దేశం అతని మాట వినాలి; అతని అధికారం దొంగిలించింది కాక, ప్రజల్లో ఏదో ఒక గుర్తింపు పొందిన సభ నుంచి రావాలి. కాప్‌కు ఈ రెండూ లేవు. హాసెకు రెండూ ఉన్నాయి. మండలి ఉత్తర్వులు దేశమంతటా నడిచాయి. డిసెంబరు 16న బెర్లిన్‌లో మొదలైన జర్మనీ కార్మిక, సైనిక కౌన్సిళ్ళ మహాసభ ఆ మండలిని నిలబెట్టింది, 1919 జనవరి 19న రాజ్యాంగ సభకు ఎన్నికలు జరపాలని తీర్మానించింది.

తర్వాత వచ్చిన చట్టసభ, న్యాయస్థానం కూడా ఇదే చెప్పాయి. వైమార్‌లో సమావేశమైన రాజ్యాంగ సభ 1919 మార్చి 4 నాటి సంధికాల చట్టంలో ప్రజా ప్రతినిధుల మండలి ఇచ్చిన ఉత్తర్వులు చెల్లుతాయని నిర్ధారించింది. 1920లో జర్మనీ సర్వోన్నత న్యాయస్థానం రైష్‌గెరిష్ట్ ఇంకా ముందుకెళ్ళింది. విప్లవం నుంచి పుట్టిన రాజ్యాధికారం పుట్టుకలో చట్టవిరుద్ధమైనా, నిలదొక్కుకున్నాక దాన్ని గుర్తించక తప్పదంది. ఆ న్యాయమూర్తుల్లో చాలామంది కైజర్ కాలంలో పైకొచ్చినవాళ్ళే. వాళ్ళకు మాక్స్ ఇచ్చిన కాగితం అవసరం పడలేదు. విప్లవాన్ని విప్లవంగానే చూసి తీర్పు చెప్పారు. నూరేళ్ళ తర్వాత జాబితాలు రాసేవాళ్ళకు ఆ పాటి ధైర్యం ఉండొద్దా?

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించే సంగతి ఇంకొకటి ఉంది. ఇవే జాబితాలు 1945కి వచ్చేసరికి ఒక్కసారిగా ఉదారంగా మారిపోతాయి. ఏప్రిల్ 30న హిట్లర్ ఆత్మహత్య చేసుకున్నాడు. ముందురోజు రాసిన వీలునామాలో యోజెఫ్ గెబెల్స్‌ను ఛాన్సలర్‌గా పేర్కొన్నాడు. మే 1న గెబెల్స్ కూడా భార్యతో కలిసి చచ్చాడు. అంతకుముందే తమ ఆరుగురు పిల్లలను చంపించారు. ఛాన్సలర్‌గా అతను చేసిన రాజ్యపాలన ఏమిటి? జనరల్ క్రెబ్స్‌ను సోవియట్ సేనాని చుయికోవ్ దగ్గరికి పంపి బేరం పెట్టాడు. బేషరతుగా లొంగిపోవడం తప్ప వేరే మాట లేదని చుయికోవ్ తిప్పి పంపాడు. మర్నాడు బెర్లిన్ సేన లొంగిపోయింది. అతను ఏలింది ఒక నేలమాళిగ, దాని చుట్టూ కొన్ని వీధులు. అతన్ని ఎన్నుకున్న సభ లేదు, అతని మాట విన్న దేశం లేదు. అయినా ఛాన్సలర్ల జాబితాల్లో అతని పేరు కనిపిస్తుంది, ఎదురుగా తేదీలతో సహా. ఎందుకంటే వీలునామాలో ఛాన్సలర్ అన్న మాట రాసి ఉంది.

అంటే హంతకుడు రాసిన కాగితం చెల్లుతుంది. మూడు వేల మంది ప్రతినిధుల సభ ఇచ్చిన అధ్యక్షత చెల్లదు. ఒక్క రోజు పైచిలుకు ఛాన్సలర్ అనిపించుకున్న గెబెల్స్ జాబితాలో ఉంటాడు. నలభై తొమ్మిది రోజులు ప్రభుత్వం నడిపిన హాసె ఉండడు. హాసె యూదుడు. గెబెల్స్ యూదులను ఏం చేశాడో అందరికీ తెలుసు. జాబితా రాసినవాళ్ళకు అలాంటి ఉద్దేశం ఉందని నేను అనడం లేదు. అయినా వాళ్ళు పాటించే పద్ధతి వల్ల వచ్చిన ఫలితం ఇది. ఇలాంటి ఫలితాన్నిచ్చే పద్ధతిని ఇంకా పట్టుకుని వేలాడకూడదు.

గెబెల్స్ తర్వాత ఫ్లెన్స్‌బర్గ్‌లో నౌకాసేనాని డోనిట్జ్ పిలిస్తే ప్రభుత్వం కూర్చిన ష్వెరిన్ ఫాన్ క్రోజిక్ తాను ఛాన్సలర్‌నని చెప్పుకోలేదు, ప్రధాన బాధ్యత గల మంత్రిగానే ఉన్నాడు. మే 23న మిత్రరాజ్యాలు వాళ్ళందరినీ పట్టుకెళ్ళాయి. జూన్ 5న ఆ రాజ్యాలే జర్మనీలో సర్వాధికారం చేపట్టాయి. అప్పుడు జర్మన్ ప్రభుత్వాధినేత అంటూ ఎవరూ లేరు. లేనప్పుడు లేరని రాయడమే మంచిది. తూర్పు జర్మనీ సంగతీ ఇలాంటిదే. గ్రోటెవోల్ నుంచి 1990లో స్వేచ్ఛగా జరిగిన ఎన్నికల తర్వాత వచ్చిన లోథార్ డి మెజియేర్ దాకా అక్కడి ప్రధానులను చాలా జాబితాలు వేరే గదిలో కూర్చోబెడతాయి. ఆ ఏడాది సెప్టెంబరు 12న మాస్కోలో ఏకీకరణకు దారితీసిన ఒప్పందంపై తూర్పు జర్మనీ తరఫున సంతకం చేసింది ఆ డి మెజియేరే. దాని మీద వేరే వ్యాసమే రాయొచ్చు.

ఈ పొరపాటు అభిప్రాయం ఎందుకు ఇంత గట్టిగా నిలిచింది? అది అందరికీ పనికొచ్చింది. కైజర్ కాలం నాటి అధికారులకు, న్యాయాధికారులకు తమ ఉద్యోగం ఒక చట్టబద్ధమైన ప్రభుత్వం నుంచి ఇంకో చట్టబద్ధమైన ప్రభుత్వానికి మారిందని చెప్పుకోవడం హాయిగా ఉంది. రిపబ్లిక్‌ను సమర్థించేవాళ్ళకు తాము విప్లవంలో పుట్టలేదని, క్రమశిక్షణలో పుట్టామని చూపించుకోవాల్సి వచ్చింది. ఎబర్ట్ అభిమానులకు ఆయన 1919 ఫిబ్రవరి 11న అధ్యక్షుడయ్యేదాకా ఉన్న మూడు నెలలకు ఒకే బిరుదు దొరికింది. ఇంతమందికి సౌకర్యంగా ఉన్న కథను ఎవరు ప్రశ్నిస్తారు? కౌన్సిళ్ళ పాత్రను తక్కువ చేసి చూపాలనుకున్నవాళ్ళకు హాసె అడ్డంగా ఉన్నాడు. ఆయన పేరు రాస్తే ఆయనను అక్కడ కూర్చోబెట్టింది ఎవరన్న ప్రశ్న వస్తుంది.

హాసె అనామకుడు కాదు. 1863లో తూర్పు ప్రష్యాలోని అలెన్‌స్టైన్‌లో పుట్టాడు. కోనిగ్స్‌బర్గ్‌లో వకీలుగా పేదల కేసులు వాదించాడు. 1904లో రష్యాలోకి విప్లవ సాహిత్యం చేరవేశారన్న ఆరోపణపై నడిచిన విచారణలో లీబ్‌క్నెక్ట్‌తో కలిసి ముద్దాయిల పక్షాన నిలిచాడు. 1911లో బెబెల్‌తో పాటు సోషల్ డెమోక్రటిక్ పార్టీ అధ్యక్షుడయ్యాడు. 1914 ఆగస్టులో యుద్ధ రుణాలకు వ్యతిరేకంగా పార్టీ సమావేశంలో వాదించి ఓడిపోయాడు. పార్టీ క్రమశిక్షణకు తలవంచి ఆగస్టు 4న రైష్‌టాగ్‌లో తన మనసుకు వ్యతిరేకమైన మద్దతు ప్రకటనను తానే చదివాడు. అది ఆయన జీవితంలో మిగిలిపోయిన బాధ. 1916లో మళ్ళీ అలా తలవంచలేదు.

1918 డిసెంబరు 24న తెల్లవారుజామున బెర్లిన్ రాజభవనంలో ఉన్న నావికుల మీద సైన్యం ఫిరంగులు పేల్చింది. సైన్యాన్ని పిలిచిన ముగ్గురు ఎబర్ట్, షైడెమాన్, లాండ్స్‌బెర్గ్. హాసె పక్షం ముగ్గురికి ముందుగా తెలియదు. కౌన్సిళ్ళ మహాసభ ఎన్నుకున్న కేంద్ర మండలి ముందు వాళ్ళు నిలబడి, ఈ పనిని మీరు సమర్థిస్తారా అని అడిగారు. కేంద్ర మండలి సమాధానం తమకు సమ్మతం కాకపోవడంతో 29న ముగ్గురూ తప్పుకున్నారు. ఖాళీలను నోస్కె, విస్సెల్‌లతో నింపింది కూడా ఆ కేంద్ర మండలే. ప్రభుత్వంలోకి ఎవరిని తీసుకోవాలో, ఎవరిని వదులుకోవాలో తేల్చింది ఎవరో ఇక్కడ చూడండి. అది ఛాన్సలర్ కార్యాలయం కాదు.

1919 అక్టోబరు 8న రైష్‌టాగ్ ముందు ఒక వ్యక్తి హాసెను కాల్చాడు. ఆ గాయాలతో నవంబరు 7న ఆయన చనిపోయాడు.

ఇకమీదట పాఠ్యపుస్తకాలు, విజ్ఞాన సర్వస్వాలు, ప్రపంచ చరిత్ర మీద మన భాషలో రాసేవాళ్ళు ఈ ఒక్క పని చేయాలని కోరుతున్నాను. 1918 నవంబరు 9 దగ్గర గీత గీయండి, అక్కడితో కైజర్ ఛాన్సలర్ల వరస అయిపోయిందని రాయండి. 1918 నవంబరు 10 నుంచి డిసెంబరు 29 వరకు అన్నచోట ఫ్రీడ్రిష్ ఎబర్ట్, హూగో హాసె అని ఇద్దరి పేర్లూ ఒకే వరసలో, ఒకే అక్షరాల్లో రాయండి. అక్కణ్ణుంచి ఫిబ్రవరి 13 వరకు హాసె స్థానంలో షైడెమాన్‌ను చేర్చి ఎబర్ట్, షైడెమాన్ అని రాయండి. గెబెల్స్ పేరు వరసలోంచి తీసి పాదసూచికలో పెట్టండి.